పదిసార్లు పెట్టినా ఒకటే బరువు: పాట్ మార్కెట్ బంగారం కాటా కేస్ స్టడీ

సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లోని ఒక నగల దుకాణం హాల్‌మార్కింగ్‌కు పంపిన లాట్లు, దుకాణం వోచర్‌లో రాసిన దానికంటే సెంటర్ రసీదులో ఎక్కువ తూగాయి. తక్కువ తూగి ఉంటే మొదటి లాట్‌కే గొడవయ్యేది. ఎక్కువ తూగాయి కాబట్టి మూడో లాట్ దాకా ఎవరూ అడగలేదు. మూడు జతల అంకెలు ఇవి: వోచర్‌లో 62.415 గ్రాములు, రసీదులో 62.467. వోచర్‌లో 148.260, రసీదులో 148.385. వోచర్‌లో 231.900, రసీదులో 232.095.

తేడాలు వరుసగా 52, 125, 195 మిల్లీగ్రాములు. దుకాణదారు వాదన రెండు ముక్కల్లో ఉంది. ఒకటి: "తేడా ఒక్కోసారి ఒక్కో తీరుగ వస్తుంది, అంటే సెంటర్ కాటాకే నిలకడ లేదు." రెండు: "మా కాటా వందసార్లు పెట్టినా ఒకటే చూపిస్తది సార్, మిల్లీ కూడా కదలదు."

రెండో మాట దాదాపు నిజమేనని మేం చేసిన పరీక్షలో తేలింది. మొదటిది నిలవదని తేల్చడానికి కాటా ముట్టుకోనక్కర్లేదు, కాలిక్యులేటర్ చాలు. తేడాను వోచర్ బరువుతో భాగించాలి. 52ను 62.415తో భాగిస్తే గ్రాముకు 0.83 మి.గ్రా. 125ను 148.26తో భాగిస్తే 0.84. 195ను 231.9తో భాగిస్తే 0.84. బరువు పెరిగిన కొద్దీ అదే నిష్పత్తిలో పెరిగే తేడా ఇది. నిలకడ లేని కాటా ఇంత క్రమంగా తప్పదు. రెండు కాటాల్లో ఒకటి చాలా నిలకడగా తప్పు చూపుతోంది.

ఇక్కడ మాటల చిక్కు ఒకటి ఉంది, దాన్ని ముందే విప్పుకోవాలి. తెలుగులో 'ఖచ్చితం' అనే ఒక్క మాటను రెండు వేర్వేరు గుణాలకు వాడేస్తాం. ఒకే వస్తువును మళ్లీ మళ్లీ తూచినప్పుడు అంకెలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా వస్తాయన్నది ప్రిసిషన్. ఆ అంకెలు వస్తువు అసలు బరువుకు ఎంత దగ్గరగా ఉన్నాయన్నది యాక్యురసీ. మొదటిదాన్ని కాటా ఒక్కదానితోనే తేల్చవచ్చు: ఏ వస్తువైనా సరే పదిసార్లు పెట్టి చూస్తే తెలిసిపోతుంది. రెండోదాన్ని కాటా ఒక్కదానితో తేల్చడం అసాధ్యం. అసలు బరువు ముందే తెలిసిన ఒక తూకపు రాయి బయటి నుంచి రావాలి. దుకాణంలో అందరూ మొదటి పరీక్ష చేసి రెండోది పాసయినట్టు అనుకున్నారు.

కాటాలు, పెట్టిన రాళ్లు

దుకాణంలో రెండు ఎలక్ట్రానిక్ కాటాలున్నాయి, రెండూ 320 గ్రాముల కెపాసిటీవి. డిస్‌ప్లే 1 మి.గ్రా. దాకా చూపుతుంది, వెరిఫికేషన్ ఇంటర్వెల్ (అనుమతించే తప్పును లెక్కగట్టే మెట్టు) 10 మి.గ్రా., కాటాల తరగతుల్లో ఇది రెండోది. ఒకటి షోరూంలో కౌంటర్ మీద ఉంది: గ్రానైట్ పలక, నాలుగు వైపులా గాజు తలుపులు, కొత్తది, ఢిల్లీ నుంచి తెప్పించినది. రెండోది పైఅంతస్తులో కంసాలి పనిచేసే గదిలో ఉంది: పాతది, గాజు తలుపు ఒకటి సగమే మూసుకుంటుంది.

పరీక్షకు వాడినవి ఎఫ్1 తరగతి స్టీలు రాళ్లు, కాలిబ్రేషన్ సర్టిఫికేట్ ఉన్నవి (ఎఫ్1, ఎఫ్2, ఎం1 అన్నవి రాయికి అనుమతించే తప్పును బట్టి పెట్టిన తరగతులు, ఈ మూడింటిలో ఎఫ్1కి అది అన్నింటికంటే తక్కువ). ఎఫ్1లో 200 గ్రాముల రాయికి అనుమతించే తప్పు ±1 మి.గ్రా., 100 గ్రాములకు ±0.5 మి.గ్రా. ఈ తరగతి ఎందుకో చెప్పుకోవాలి. రెండో తరగతి కాటాకు 10 మి.గ్రా. ఇంటర్వెల్ ఉంటే, వెరిఫికేషన్ సమయంలో అనుమతించే తప్పు 50 గ్రాముల దాకా ±5 మి.గ్రా., ఆపైన 200 గ్రాముల దాకా ±10, ఆపైన ±15. వాడకంలో ఉన్నప్పుడు దీనికి రెట్టింపు. పరీక్ష రాయి తప్పు ఈ హద్దులో మూడో వంతుకు మించకూడదు. 200 గ్రాముల దగ్గర మూడో వంతు అంటే 3.3 మి.గ్రా. ఎఫ్2 రాయి ±3 మి.గ్రా.తో అంచు మీద సరిపోతుంది, ఎఫ్1 నిశ్చింతగా సరిపోతుంది. బజారులో తరచుగా కనిపించే ఎం1 రాయికి 200 గ్రాముల దగ్గర ±10 మి.గ్రా. దాకా తప్పు ఉండొచ్చు. దానితో ఈ కాటాను పరీక్షిస్తే తప్పు కాటాదో రాయిదో తేలదు.

కాటాను గంట ముందే ఆన్ చేసి ఉంచాలి. రాళ్లు పెట్టెతో సహా అదే గదిలో గంటసేపు ఉండాలి. బయట ఎండలో స్కూటర్ మీద వచ్చిన రాయిని నేరుగా పళ్లెంలో పెడితే, దాని చుట్టూ వేడిగాలి పైకి లేచి బరువు తక్కువగా చూపిస్తుంది, అంకె పాకుతూనే ఉంటుంది. రాయిని వేళ్లతో పట్టుకోకూడదు, చెమట ముద్ర కూడా తూగుతుంది. తర్వాత 200 గ్రాముల రాయిని నాలుగైదుసార్లు ఊరికే పెట్టి తీసి, అప్పుడు లెక్కలోకి వచ్చే పది రీడింగులు తీసుకోవాలి. ప్రతిదానికీ ముందు జీరో చూడాలి.

ఇంకొక నియమం ఈ కేసులో చాలా పనికొచ్చింది: కాటాను చూసిన వెంటనే క్యాల్ బటన్ (కాటాను కొత్తగా సరిచేసే బటన్) నొక్కకూడదు. ఉన్నది ఉన్నట్టు ముందు రాసుకోవాలి. బటన్ నొక్కిన క్షణంలో పాత తప్పు ఆనవాలు చెరిగిపోతుంది, ఇన్నాళ్ల బిల్లుల్లో ఎంత తేడా ఉందో మళ్లీ ఎవరూ చెప్పలేరు.

పది రీడింగులు

కౌంటర్ కాటా మీద 200 గ్రాముల ఎఫ్1 రాయి చూపినవి: 199.832, 199.831, 199.832, 199.833, 199.832, 199.832, 199.831, 199.832, 199.833, 199.832.

సగటు 199.832. ప్రామాణిక విచలనం (రీడింగులు సగటు చుట్టూ ఎంత చెదిరాయన్న కొలత) 0.7 మి.గ్రా. నిలకడ విషయంలో ఇంతకంటే అడగడానికేమీ లేదు. అసలు బరువుకు మాత్రం 168 మి.గ్రా. తక్కువ. అనుమతించే హద్దు, వాడకంలోని రెట్టింపు లెక్కతో చూసినా, 20.

పైగదిలోని కాటా మీద అదే రాయి: 200.003, 199.996, 200.008, 199.993, 200.001, 200.006, 199.995, 200.004, 199.998, 199.996. సగటు 200.000. విచలనం 5.1 మి.గ్రా., కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్య 15 మి.గ్రా.

దుకాణంలో చెడ్డపేరు ఈ రెండో కాటాకే ఉంది. పెట్టిన ప్రతిసారీ వేరే అంకె చూపుతుంది కాబట్టి దాన్ని పిచ్చికాటా అనేవాళ్లు. కౌంటర్ కాటాతో 'కలిపి' సరిచేయాలని కూడా అనుకున్నారు. ఆ పని జరిగి ఉంటే దుకాణంలో సత్యానికి దగ్గరగా ఉన్న ఒకే ఒక్క కాటా కూడా తప్పుదారి పట్టేది. రెండు కాటాలూ ఒకటే చూపిస్తున్నాయి కదా అన్న ధీమా మిగిలేది.

రెండు రోగాలకూ మందు ఒకటి కాదు. పైగది కాటా మీద పది రీడింగులు తీసి సగటు కడితే, ఆ సగటులో చెదురు 5.1ని పది వర్గమూలంతో భాగించినంత, అంటే 1.6 మి.గ్రా.కు దిగుతుంది. ఇంకా ఎక్కువసార్లు తూస్తే ఇంకా దిగుతుంది. కౌంటర్ కాటా మీద వెయ్యిసార్లు తూచి సగటు కట్టినా వచ్చేది 199.832 మాత్రమే. ఎక్కువసార్లు తూచడం వల్ల తప్పు మీద నమ్మకం పెరుగుతుంది తప్ప తప్పు తగ్గదు.

తప్పు ఎక్కడిది

కౌంటర్ కాటాను వేర్వేరు బరువుల దగ్గర చూస్తే దాని స్వభావం బయటపడింది. 20 గ్రాములకు 19.983. 50కి 49.958. 100కి 99.916. 200కి 199.832. 300కి 299.748. ఎక్కడ చూసినా గ్రాముకు 0.84 మి.గ్రా. తక్కువ. జీరో తప్పయితే అన్ని బరువుల దగ్గరా ఒకే సంఖ్య తేడా ఉండేది. లోపలి సెన్సర్ వంకరైతే తేడా మధ్యలో పెరిగి చివర్లో తగ్గడమో, లేదా దీనికి తిరగబడటమో జరిగేది. తిన్నటి గీతలా సాగే తప్పు స్పాన్ తప్పు: కాటా ప్రతి గ్రామునూ 0.99916 గ్రాముగా చదువుతోంది.

స్పాన్ తప్పు ఎందుకొచ్చిందో వెతకాలి. మొదట లెవల్. పళ్లెం వాలితే బరువులో కొంత భాగమే కిందికి పనిచేస్తుంది. ఒక డిగ్రీ వాలుకు 100 గ్రాముల మీద 15 మి.గ్రా. తగ్గుతుంది. 84 తగ్గాలంటే దాదాపు 2.35 డిగ్రీలు వాలాలి. అంత వాలితే లెవల్ గాజులో బుడగ అంచుకు అతుక్కుపోయేది, ఇక్కడ నడిమధ్యన ఉంది. తర్వాత ఉష్ణోగ్రత: షోరూం ఏసీ గది, ఇలాంటి కాటాలకు పది డిగ్రీల తేడా వచ్చినా 100 గ్రాముల మీద కొన్ని మిల్లీగ్రాములే కదలాలి. తర్వాత మూలలు: 100 గ్రాముల రాయిని పళ్లెం నాలుగు పక్కలా మార్చి పెడితే 2 మి.గ్రా.కు మించి తేడా రాలేదు. కాటా ఆరోగ్యంగానే ఉంది.

మిగిలింది, అది సరిచేయబడిన ఊరు. కాటాకు స్పాన్ పెట్టింది ఢిల్లీలో, స్టాంపింగ్ (తూనికలు కొలతల శాఖ పరీక్షించి ముద్ర వేయడం) కూడా అక్కడే అయింది. తర్వాత పార్సెల్‌లో సికింద్రాబాద్ వచ్చి నేరుగా కౌంటర్ ఎక్కింది.

ఎలక్ట్రానిక్ కాటా కొలిచేది ద్రవ్యరాశిని కాదు, పళ్లెం మీద పడే ఒత్తిడిని. ఆ ఒత్తిడి భూమి లాగే బలం మీద ఆధారపడుతుంది, ఆ బలం ఊరూరికీ మారుతుంది. భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ తగ్గుతుంది, ఎత్తు పెరిగే కొద్దీ కూడా తగ్గుతుంది. ఢిల్లీ 28.6 డిగ్రీల అక్షాంశం మీద, సముద్రమట్టానికి 216 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గురుత్వ త్వరణం, అంటే ఆ లాగుడు కొలత, సుమారు 9.7915 మీ/సె². హైదరాబాద్ 17.4 డిగ్రీల మీద, దక్కన్ పీఠభూమి మీద సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ సుమారు 9.7833. తేడా 0.0082, అంటే 0.084 శాతం. 100 గ్రాములకు 84 మిల్లీగ్రాములు. రీడింగుల్లో కనిపించిన తప్పు ఇదే.

అంతస్తు మారితేనో అన్న అనుమానం అందరికీ వస్తుంది కాబట్టి అదీ చూద్దాం: పది మీటర్లు పైకెక్కితే 100 గ్రాముల మీద 0.3 మి.గ్రా. తగ్గుతుంది. ఈ కాటాకు అది లెక్కలోకి రాదు. ఊరు మారడం మాత్రం లెక్కలోకి వస్తుంది. ఢిల్లీ దాకా అక్కర్లేదు, ఇక్కడ సరిచేసిన కాటాను విశాఖకు తీసుకెళ్లినా 100 గ్రాముల దగ్గర 17 మి.గ్రా. ప్రాంతంలో ఎక్కువ చూపుతుంది. కారణం ముఖ్యంగా ఎత్తులో తేడా.

ఢిల్లీ సర్టిఫికేట్ అబద్ధం కాదు. అది ఢిల్లీలో ఉన్న ఆ కాటా గురించి చెప్పింది. తూకపు రాయి సర్టిఫికేట్ మాత్రం ఎక్కడికి తీసుకెళ్లినా చెల్లుతుంది, ఎందుకంటే రాయిలో ఉన్న లోహం ప్రయాణంలో తగ్గదు. కాటా కాగితానికీ రాయి కాగితానికీ ఈ తేడా ఉందని కాటాలు అమ్మేవాళ్లు కొనేవాళ్లకు చెప్పాల్సింది. చెప్పడం లేదు.

కంసాలి చిన్న త్రాసుకు ఈ బాధ లేదు. దానిలో ఒక పళ్లెంలో నగ, ఇంకో పళ్లెంలో రాయి. భూమి రెండింటినీ ఒకేలా లాగుతుంది కాబట్టి ఢిల్లీలో సమంగా నిలిచిన దండె సికింద్రాబాద్‌లోనూ సమంగానే నిలుస్తుంది. పాత త్రాసు మిల్లీగ్రామును చూపలేదు, కానీ ఊరు మారితే తప్పు చెప్పదు. దాని రోగం వేరు: దండె చేతులు రెండూ ఒకే పొడవు లేకపోవడం. నగనూ రాయినీ పళ్లేలు మార్చి మళ్లీ తూస్తే అది పట్టుబడుతుంది.

గాలి తేలుడు గురించి కూడా ఒక మాట. స్టీలు రాళ్లతో సరిచేసిన కాటా మీద మేలిమి బంగారం 100 గ్రాములకు సుమారు 8 మి.గ్రా. ఎక్కువ చూపుతుంది, బంగారం తక్కువ చోటు ఆక్రమించి తక్కువ గాలిని తోస్తుంది కాబట్టి. అయితే వ్యాపారంలో అన్ని కాటాలూ స్టీలు రాళ్ల లెక్కలోనే నడుస్తాయి. అందరి దగ్గరా ఒకేలా ఉన్న తేడా వల్ల వోచర్‌కూ రసీదుకూ మధ్య గొడవ రాదు.

రోజూ చెక్ చేస్తున్నా ఎందుకు దొరకలేదు

ఇది ఈ కేసులో అన్నింటికంటే ఆలోచించాల్సిన భాగం. దుకాణంలో రోజూ ఉదయం పూజ కాగానే 100 గ్రాముల ఇత్తడి దిమ్మ పెట్టి కాటా చూసేవాళ్లు. రోజూ 100.000 వచ్చేది. రిజిస్టర్ కూడా ఉంది, ఒక్క రోజు తప్పలేదు. ఆ శ్రద్ధను తప్పుపట్టలేం.

దిమ్మ ఎక్కడిదని అడిగితే, అదే దుకాణంలో ఆకురాయితో రాస్తూ, అదే కౌంటర్ కాటా మీద 100.000 వచ్చేదాకా సవరించినదని తేలింది. ఎఫ్1 రాళ్లతో సరిచూస్తే దాని బరువు 100.084 గ్రాములు. కాటా తప్పును దిమ్మలోకి చెక్కి, ఆ దిమ్మతో కాటాను పరీక్షించారు. ముద్దాయే సాక్షి అయ్యాడు. ఆ రిజిస్టర్ నిరూపించింది ఒక్కటే: కాటా రోజురోజుకూ జరగలేదని. అదీ విలువైన సమాచారమే, దాని వల్లే తప్పు మొదటి రోజు నుంచీ 0.084 శాతంగానే ఉందని చెప్పగలిగాం. అయితే అది ప్రిసిషన్ రికార్డు, యాక్యురసీ రికార్డు కాదు.

తేడా ఇంకోచోట కూడా దాక్కుంది: తరుగులో. కంసాలికి బంగారం ఒక కాటా మీద తూచి ఇచ్చి, తిరిగి వచ్చినప్పుడు ఇంకో కాటా మీద తూస్తే లెక్క చెడుతుంది. అసలు తరుగు 1 శాతం అనుకుందాం. కౌంటర్‌లో 100 గ్రాములు తూచి ఇచ్చి, పైగదిలో తూచి తీసుకుంటే తరుగు 0.917 గ్రాములుగా కనిపిస్తుంది. పైగదిలో తూచి ఇచ్చి కౌంటర్‌లో తీసుకుంటే 1.083. పనిలో ఏ మార్పూ లేకుండానే కంసాలి ఒక వారం పొదుపరి, ఇంకో వారం అనుమానితుడు అవుతాడు. ఇచ్చినదీ తీసుకున్నదీ ఒకే కాటా మీదైతే, కాటా తప్పైనా తరుగు శాతం సరిగానే వచ్చేది.

అమ్మకంలో నష్టం దుకాణానిది: డిస్‌ప్లేలో 100.000 వచ్చిన నగ నిజానికి 100.084 గ్రాములు. గ్రాము పదివేలు అనుకుంటే 840 రూపాయల బంగారం బిల్లులో లేకుండా బయటికి పోయింది. పాత బంగారం కొన్నప్పుడు అదే 840 రూపాయలు కస్టమర్‌కు తగ్గింది. ఒకటి రెండోదాన్ని సరిచేస్తుందని చెప్పుకోవడానికి లేదు, నష్టపోయిన మనుషులు వేరు.

సరిచేసిన విధం

కౌంటర్ కాటాకు బయటి రాయితో స్పాన్ పెట్టే ఏర్పాటే ఉంది, లోపల సొంత రాయి లేదు. స్టాంపింగ్ అయిన కాటా సీలు తీయడం దుకాణదారు పని కాదు, లైసెన్స్ ఉన్న రిపేరర్ చేయాలి, ఆ తర్వాత తూనికలు కొలతల శాఖ వెరిఫికేషన్ మళ్లీ జరగాలి. ఎలక్ట్రానిక్ కాటాకు మామూలుగా ఏడాదికోసారి వెరిఫికేషన్ ఎలాగూ తప్పనిసరి. అదే క్రమంలో జరిగింది: లెవల్, గంట వార్మప్, జీరో, 200 గ్రాముల ఎఫ్1 రాయితో స్పాన్. సరిచేశాక అదే రాయితో మాత్రమే చూసి సరిపెట్టుకుంటే మళ్లీ ఇత్తడి దిమ్మ కథే, కాబట్టి మిగతా రాళ్లతో చూడాలి. 20కి 20.000, 50కి 49.999, 100కి 100.000, 300కి 300.002 వచ్చాయి.

పైగది కాటాకు స్పాన్ ముట్టుకోలేదు. దాని రోగం చుట్టూ ఉంది. ఏసీ గాలి నేరుగా పళ్లెం మీద పడుతోంది, తలుపు మూసుకోదు, బల్ల కాలు నగలకు మెరుగు పెట్టే బఫింగ్ మోటార్ స్టాండుకు తగులుతోంది. మోటార్ ఆపితే చెదురు సగానికి దిగింది. గాజు తలుపు పట్టాలు శుభ్రం చేసి పూర్తిగా మూసుకునేలా చేసి, గాలి దిశ మళ్లించి, కాటాను గోడకు బిగించిన విడి రాతి పలక మీదికి మార్చాక విచలనం 1 మి.గ్రా. దగ్గరికి వచ్చింది. ఖర్చు పలకకే అయింది.

ఇత్తడి దిమ్మ స్థానంలో దుకాణం సొంతంగా 100 గ్రాముల ఎఫ్2 రాయి కొన్నది, ±1.6 మి.గ్రా.ది, సర్టిఫికేట్‌తో. రోజువారీ చూపుకు ఇది చాలు. రిజిస్టర్‌లో ఇప్పుడు రెండు గడులున్నాయి: ఒకదానిలో ఎఫ్2 రాయి చూపిన అంకె, రెండోదానిలో అదే రాయిని మూడుసార్లు పెట్టినప్పుడు వచ్చిన కనిష్ఠ గరిష్ఠాల తేడా. మొదటి గడిలోని అంకె 100 గ్రాముల నుంచి 10 మి.గ్రా.కు మించి జరిగితే తూకం ఆపి రిపేరర్‌ను పిలవాలి. రెండో గడిలోని తేడా 5 మి.గ్రా. దాటితే ముందు గాలి, తలుపు, బల్ల చూసుకోవాలి, ఫోన్ తర్వాత.

పాత బిల్లుల సంగతి దుకాణం తేల్చుకోవాల్సి ఉంది. కౌంటర్ కాటా మీద తూచిన ఏ బరువునైనా 0.99916తో భాగిస్తే అసలు బరువు వస్తుంది. సరిచేయకముందు తీసిన రీడింగులు కాగితం మీద ఉన్నాయి కాబట్టి ఆ సంఖ్య చేతిలో ఉంది. పాత బంగారం కొనుగోలు బిల్లులను ముందు తీయమని సలహా ఇచ్చాం, ఎందుకంటే అక్కడ తగ్గింది దుకాణం డబ్బు కాదు.